కోటగుట్ట మీద ముగ్గురం

"నాయిన అడిగితె నైట్ షిఫ్ట్ అని చెప్పు నాయినమ్మ, నీకు పుణ్యముంటది."

"నేను చెప్ప. అసలు రాత్రిపూట గుట్ట మీద ఏం పని నీకు? పగలు ఎక్కి పగలే దిగరాదా?"

"పైన పండుకొని, పొద్దు పొడుస్తుంటె చూడాలె. ఆఫీసోళ్ళం ఎనిమిది మందిమి పోతున్నం, అండ్ల నలుగురం ఆడపిల్లలమే."

"పొద్దు మన మిద్దె మీద పొడుస్తలేదా? దానికి గీ కొత్త బూట్లెందుకు? ఉన్నయి అరిగినయా?"

"నువ్వు ఎన్నడన్న ఇల్లు దాటితె కద నీకు తెలిసేది!"

గా మాట అన్నది మా మనుమరాలు శ్రావణి. మాదాపూర్ల కంప్యూటర్ నౌకరి దొరికి దానికి ఎనిమిది నెలలు. మొయినాబాద్ నుంచి రోజు కంపెనీ బండిల పోయొస్తది. వాళ్ళ నాయిన, నా కొడుకు మల్లేశం, ఒక్కటే షరతు పెట్టిండు: ఆఫీసు, ఇల్లు, నడుమ ఇంకేం ఉండొద్దు, ఉంటె నౌకరి బంద్. అందుకె గీ అబద్ధం. నన్ను మంచి చేసుకుందామని అది దోమల మందు మూత తీసి వాసన చూపిచ్చింది, నిమ్మగడ్డి వాసన. తర్వాత కంప్యూటర్ల నుంచి తీసిన కాగితం నా ఒళ్ళె పెట్టింది. కాగితంల గుట్ట, గుట్ట చుట్టు గోడ, ఎడమ దిక్కు మూతి పగిలిన బురుజు. షాబాద్ అవతల మా తల్లిగారి ఊరి కోటగుట్ట అది. పిల్లకు ఆ సంగతి తెలువదు. అది కొత్తగ కనిపెట్టినట్టు సంబురపడుతున్నది.

నేను మూడో తరగతిల ఉన్నప్పుడు ఎక్కిన ఆ గుట్ట. పల్లికాయ పీకే రోజులవి. చేన్ల నుంచి తెచ్చిన చెట్లు వాకిట్ల కుప్పపోసి, రాత్రి కందిలి పెట్టుకొని, ఈ ఇంటోళ్ళు ఆ ఇంటికి, ఆ ఇంటోళ్ళు ఈ ఇంటికి పోయి కాయ తెంపేటోళ్ళు. పచ్చి మట్టి వాసన, కుండల ఉప్పేసి ఉడకపెట్టిన కాయ వాసన, తెంపుకుంట తినుకుంట పిల్లలు ఎవరింట్ల నిద్రొస్తె ఆ ఇంట్లనే పండుకుంటుండె, ఎవ్వరు అడిగేటోళ్ళు కాదు. మా ఇంట్ల అన్నం తిన్నంక అవ్వ కందిలి వత్తి తగ్గిచ్చేది, గ్యాసునూనె కాలుతదని. గట్ల పెరిగినదాన్ని, పట్నంల పని చేసే మా మేనమామ వచ్చి, అక్కడ బజార్ల దీపాలు తెల్లందాక కాలుతయి, ఒక్క చుక్క నూనె పొయ్యరు అని చెప్తె నాకు నమ్మబుద్ధి కాలే. నూనె లేక ఎట్ల కాలుతయి? తెల్లందాక ఎవలకోసం కాలుతయి? కోటగుట్ట పైకెక్కి రాత్రి చూస్తె ఆ వెలుతురు కనబడుతదని కూడ అన్నడు. ఇగ నాకు అన్నం సహించలే.

నా సోపతిగాళ్ళు ఎల్లమ్మ, సత్తెమ్మ. ఎల్లమ్మ మా ఇంట్ల కాయ తెంపుతనని చెప్పింది, నేను సత్తెమ్మ ఇంట్ల అని, సత్తెమ్మ ఎల్లమ్మ ఇంట్ల అని. జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం మూటగట్టుకొని పొద్దు గూకంగ ఎక్కినం. సీతాఫలం చెట్ల నడుమ మెట్లు సగం కూలి ఉన్నయి, దర్వాజ కింద గబ్బిలాల కంపుకు ముక్కు మూసుకొని ఉరికినం, పైన బండల తొలిచిన గుండంల నీళ్ళు పండ్లు జివ్వుమనేటంత సల్లగ ఉన్నయి. గోడ మీద కూసొని పట్నం దిక్కు చూసినం. దీపాలు లేవు. మొగులు అంచున పలుచటి సున్నం పూసినట్టు తెలుపు, గంతే. "చంద్రుడు లేస్తున్నడే" అన్నది సత్తెమ్మ. చాన సేపు చూసినం, ఎంతకు చంద్రుడు రాలే. పట్నమే అని నేను, కాదని వాళ్ళు. అది పట్నమో కాదో ఇయ్యాల్టికి నాకు తెలువదు.

అప్పుడు ఎల్లమ్మ కిందికి చూసింది. మా ఊర్ల ఒక కందిలి కదిలింది, తర్వాత నాలుగు, తర్వాత పదో పన్నెండో, వరుసగ చేన్ల దిక్కు.

"ఎవరింట్లనో లగ్గం ఉన్నట్టుందే."

"మరి బాయి కాడ నిలవడ్డరేంది?"

"వంటలకు నీళ్ళు చేదుతున్నరేమో పిసదానా."

పట్నం దీపాలు కనబడకపోతె పాయె, మా ఊరి దీపాలు ఎంత ముద్దుగున్నయో అనుకుంట రొట్టె తిన్నం. ఒక బాయి కాడ నుంచి ఇంకో బాయి కాడికి పోతుంటె, ఇంత మంది నీళ్ళు తాగే లగ్గం ఎవరిదో అని నవ్వినం. గాలి ఇటు తిరిగినంక నా పేరు ఇనబడ్డది. అవ్వ గొంతు.

చలి పెడుతున్నదని సత్తెమ్మ తల్లి బిడ్డకు గొంగడి ఇద్దామని ఎల్లమ్మ ఇంటికి పోయిందట. అక్కడ లేరు. ఆడ నుంచి మా ఇల్లు, మా ఇంటి నుంచి మళ్ళ వాళ్ళ ఇల్లు. ఏ ఇంట్ల చూసిన మేము లేము.

చీకట్ల కూలిన మెట్లు దిగ చాతకాలే. తెల్లారంగ మేము దిగుతుంటె బాపు ఎదురొచ్చిండు. ఛాతి దాక తడిసి ఉన్నడు, ధోతికి పాకురు అంటుకొని ఉన్నది. మూడు బాయిలల్ల దిగిండట. నన్ను కొట్టలే. ఇంటికొచ్చినంక నా పలక తీసి అటక మీద పెట్టిండు. "బడికి పోయి నేర్చింది చాలు" అన్నడు, గంతే. మా ముగ్గురి సదువు గదే పొద్దు అయిపోయింది.

గిదంత చెప్తె శ్రావణి బూటు తాడు వేలికి చుట్టుకుంట అడిగింది.

"మరి చెప్తె పంపుతుండెనా మీ బాపు?"

"పంపకపోతుండె. కని బాయిలల్ల దిగాల్సి రాకపోతుండె."

ఇప్పుడు మా మిద్దె ఎక్కితె చాలు, మాదాపూర్ దిక్కు మొగులంత ఎర్రగ మండుతుంటది. చీకటే లేదు. చేవెళ్ళ రోడ్డుకు రెండు దిక్కుల చేన్లల్ల ప్లాట్ల రాళ్ళు పాతిండ్రు. పల్లికాయ కిరాణంల ప్యాకెట్ల దొరుకుతది. ఒగల వాకిట్ల ఒగలు కాయ తెంపుడు లేదు, పిల్లలు ఎవరింట్ల నిద్రొస్తె ఆడ పండుకునుడు లేదు. ఎల్లమ్మ పోయి ఐదేండ్లు. పోయేముందు ఒకసారి కలిస్తె, అది చంద్రుడేనే అన్నది.

తెల్లారి మల్లేశం చాయ తాగుతుంటె శ్రావణి పోయి ఎదురుంగ నిలవడ్డది. నైట్ షిఫ్ట్ అనలే. గుట్ట పేరు, ఎవలెవలు వస్తున్నరు, ఎప్పుడు దిగుతరు అన్నీ చెప్పింది. వాడు అరిసిండు. నౌకరి బంద్ అన్నడు, రెండు సార్లు. "బంద్ చేపియ్యి నాయినా, కని నేను చెప్పే పోతున్న" అన్నది పిల్ల. అక్కడ నుంచి కదలలే. వాడు నా దిక్కు చూసిండు. "నేను పొమ్మన్న" అన్న.

సాయంత్రం నాలుగు గంటలకు కారొచ్చింది. పిల్ల సంచి వేసుకొని ఎక్కింది. మల్లేశం గేటు దాక పోయి నిలవడ్డడు, కారు మూల మలిగేదాక చూసిండు, లోపలికొచ్చి గోడకున్న క్యాలెండర్ అంచు మీద కారు నంబరు రాసి పెట్టుకున్నడు.