ఫ్రిజ్‌లో బల్బులు

ఈరోజు మా అత్తగారి మీద అరిచాను. ఆవిడకేమవుతుందోనన్న భయంతో అరిచానని ఇందాకటిదాకా సర్దిచెప్పుకున్నాను. నిజానికి తప్పు నాదని తెలిసిన క్షణంలోనే అరిచాను.

మేముండే ఈ ఫ్రిస్కో ఊరి చలి తులిప్ పూలమొక్కలకు చాలదు. త్వరగా పూసే రకం దుంపలు తెప్పించి, కొన్ని వారాలు ఫ్రిజ్‌లో ఉంచి, వాటికి చలికాలం అక్కడే చూపించి, తర్వాత పెరట్లో నాటుతాను. ఈసారి వాటిని ఇండియన్ స్టోర్‌లో ఉల్లిపాయలు కొన్న వల సంచిలో పోసి పెట్టాను. చేతికి అదే దొరికింది.

మధ్యాహ్నం మీటింగ్ ముగించి వంటింట్లోకి వెళ్తే పొయ్యి మీద పులుసు ఉడుకుతోంది. గట్టు మీద గోధుమరంగు పొట్టు. అత్తగారు గరిటె పట్టుకుని ఏదో నములుతున్నారు.

"ఉమ్మెయ్యండి! ముట్టుకోవద్దని చెప్పానా లేదా?"

ఆవిడ బిత్తరపోయి సింకులో ఉమ్మారు. "ఏమైంది బాబూ? సాంబారు ఉల్లిపాయలేగా?"

"తులిప్ బల్బులవి! ఫ్రిజ్‌లో ఉన్నాయని మొన్న చెప్పలేదూ?"

"చెప్పారు. బల్బులంటే లైట్లనుకున్నా. ఫ్రిజ్‌లో పెట్టడం ఇక్కడి పద్ధతేమో అనుకున్నా. ఎంత వెతికినా ఒక్క బల్బూ కనపడలేదు."

"ఎన్ని తిన్నారు?"

"ఉడికిందో లేదోనని ఒకటి మింగేశా. రెండోది మీరు ఉమ్మించారు."

విషం మింగినవాళ్లకు సలహా చెప్పే హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయబోయి కంగారులో నంబరు తప్పు నొక్కాను. రెండోసారి కలిసింది. నోరు మండవచ్చు, వాంతులు కావచ్చు, గుండె దడగా ఉన్నా ఊపిరి అందకపోయినా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లమని అవతలి నర్సు నిదానంగా చెప్పింది. అత్తగారికి షుగరూ బీపీ ఉన్నాయని రెండుసార్లు చెప్పాను.

ఆవిడ సోఫాలో, నేను ఎదురుగా నేల మీద. ఆవిడ దగ్గినప్పుడల్లా లేచి నిలబడేవాణ్ణి.

"అలా చూడకండి అల్లుడుగారూ, మీ చూపుకే నాకు కడుపులో తిప్పుతోంది."

నవ్వబోయారు. అంతలో కడుపు పట్టుకుని బాత్రూమ్‌లోకి పరుగెత్తారు. కారు తాళాలు గుప్పిట్లో బిగించి తలుపు బయట నిలబడ్డాను. వాంతి చప్పుడు ఆగింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. "అత్తయ్యా!" అన్నాను. తలుపు తోయబోతుంటే కుళాయి తిప్పిన శబ్దం వినిపించింది.

"ఉన్నాను బాబూ. కాసిని మంచినీళ్లివ్వండి."

సాయంత్రానికి తేరుకున్నారు. మళ్లీ ఫోన్ చేస్తే, ఇక ఫర్వాలేదంది నర్సు.

మా ఆవిడ ఆఫీసు నుంచి రాగానే, "ఏదో పడలేదులేవే," అని అత్తగారు దాటేయబోయారు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను, అరిచిన సంగతితో సహా. "దుంపలు అని ఉంటే సరిపోయేది. ఆ మాట నా నోటికి రాలేదు. క్షమించండి, అత్తయ్యా," అన్నాను.

పులుసు పారబోశాను. మిగిలిన దుంపలను డబ్బాలోకి మార్చి, దాని మీద చాలా ఏళ్ల తర్వాత తెలుగులో రాశాను: 'పూల దుంపలు. విశం.'

అత్తగారు కళ్లద్దాలు పెట్టుకుని చదివారు. "విషానికి ఆ శ కాదు బాబూ."

దిద్దాను. ఆ తర్వాత సింకు కింద ఉన్న క్లీనింగ్ మందుల సీసాలన్నీ బయటకు తీసి, ఏది దేనికో ఆవిడకు చెబుతూ ఒక్కొక్కదాని మీదా 'విషం' అని రాశాను. రెండోదానికల్లా ష సరిగ్గా పడింది.