బోణీ ఓటు

సూరత్‌లోని మా తెలుగువాళ్ల సంఘం హాలు వాచ్‌మన్ తాత పోయారన్న కబురు పోయిన సోమవారం వాట్సాప్ గ్రూపులో వచ్చింది. కరోనాతో వారం రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. పైన టీకాల సమాచారం, కింద ఎవరో పెట్టిన చేతులు జోడించిన బొమ్మ, మధ్యలో ఆయన. శ్మశానానికి నలుగురినే రానిచ్చారు. ఆ నలుగురిలో నేను లేను.

సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి సూరత్ వచ్చి ముప్పై ఏళ్లు మగ్గాలు నడిపారాయన. ఒళ్లు సహకరించనప్పుడు సంఘం అధ్యక్షుడు హాలు కాపలా పని ఇప్పించి, పక్కనే ఒక గది ఇచ్చారు. ముసలి దంపతులకు అదే ఇల్లు.

తాత దేన్నీ నమ్మేవారు కాదు. తాళం వేశాక మూడుసార్లు లాగి చూసేవారు. "తాళం ఏసుడు కాదు బిడ్డా, గుంజి చూసుడే తాళం" అనేవారు. శానిటైజర్ సీసా వాసన చూసి, "నీళ్లు గల్పిండ్రు" అని తేల్చేవారు. ఇంట్లో చోటు లేక హాలు మెట్ల మీద చదువుకునే నన్ను కూడా మొదట్లో అనుమానంగానే చూశారు.

హాలు వెనక గదిలో ఎనిమిది ఓటింగ్ మిషన్లు ఉండేవి. కాగితం ఓట్ల లెక్క మీద పెద్దలు తగువుపడితే, చందాలు వేసుకుని ఏదో ప్రైవేటు కంపెనీ దగ్గర కొన్నవి. ఒక్క ఎన్నిక జరిగింది. మిషన్ మీద కూడా నమ్మకం కుదరక మళ్లీ కాగితానికే వెళ్లారు. లాక్‌డౌన్‌లో రేషన్ సంచులకు ఆ గది కావాల్సివచ్చింది. భంగార్, అంటే పాత ఇనుప సామాను, కొనేవాడు మిషన్లను అటూ ఇటూ తిప్పి చూసి వద్దన్నాడు. పాత ఎలక్ట్రానిక్ సామాను ముక్కలు చేసే కంపెనీ ఒకటి తీసుకెళ్తానంది, కానీ డబ్బు మనమే కట్టాలంది.

"కొన్ననాడు పైసలే, పారేసెతందుకు గూడ పైసలేనా?" అన్నారు అధ్యక్షుడు. "మా మేనల్లుడు ఫుకట్‌ల తీస్కపోతడు."

ఆ మేనల్లుడిది కంప్యూటర్ రిపేరు దుకాణం.

తాత మాత్రం ఆ మిషన్ల గది తాళం ఇవ్వలేదు. "ఉత్తగ ఎవడన్న బరువు మోస్తడా?" అన్నారు. భంగార్ వాడితో ఈయనే బేరం కుదుర్చుకున్నాడని కమిటీలో గుసగుసలు పుట్టాయి. నేనూ అలాగే అనుకున్నాను. సామాను జాబితా రాయమని నన్ను పంపినప్పుడు, ఆయన తలుపు దగ్గరగా వేసి, మిషన్లతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం నా చేతిలో పెట్టారు.

"కాన్వెంటుల సదివినవు గదా, జర చూడు. అండ్ల ఓట్లు ఇంకా ఉన్నయా?"

చూశాను. చెరిపేదాకా ఉంటాయి, నొక్కిన వరసలోనే ఉంటాయి. చెరుపుదామంటే బ్యాటరీలు ఎప్పుడో పోయాయి, కానీ కంప్యూటర్ పని తెలిసినవాడు వాటిని తెరిచి చదవగలడు.

ఆయన గోడకు ఆనుకుని కూర్చుండిపోయారు. ఎన్నిక రోజు, తలుపు తెరిచినవాడిదే బోణీ అని అధ్యక్షుడు స్వయంగా ఆయన చేత మొదటి ఓటు వేయించారు. అందరూ చప్పట్లు కొట్టారు. మొదటి ఓటు ఎవరిదో సంఘంలో తెలియనివారు లేరు.

"నేను అధ్యక్షునికి ఎయ్యలే బిడ్డా. తెలిస్తే గది ఉంటదా? ముసల్దాన్ని దీస్కొని ఏడికి బోవాలె?"

అవ్వ ఇప్పుడు కూతురి దగ్గరికి సిరిసిల్ల వెళ్లిపోయింది. ఆ గది ఖాళీ చేయించడానికి ఇక ఎవరూ లేరు గనుకే ఇదంతా రాస్తున్నాను.

మీటింగులో నేనెప్పుడూ నోరు విప్పను. ఆ రోజు లేచి, మిషన్లోని వరస పక్కన ఓటు వేసే ముందు అందరూ పెట్టిన సంతకాల రిజిస్టరు పెడితే ఎవరు ఎవరికి వేశారో పేర్లతో సహా తెలిసిపోతుందన్నాను. తాత మాట ఎత్తలేదు. మాస్కుల పైన కళ్లు ఒకరినుంచి ఒకరికి తిరిగాయి. అందరికంటే ముందు అధ్యక్షుడే అన్నారు: "ఛల్, కంపెనీకే ఇద్దాం. పైసలు పోతే పోనీ."

ఆయనకు అంత తొందరెందుకో నాకు ఇప్పటికీ అనుమానమే.

బయటికి వచ్చాక, "నీకు గొంతున్నదే!" అన్నారు తాత.

మిషన్లతో పాటు ఆయన టెంపో వెనక, జాబితా పట్టుకుని నేను ముందు, సూరత్ శివారు ఇచ్ఛాపూర్‌లోని ఆ కంపెనీ షెడ్డుకు వెళ్లాం. ఎనిమిదీ ముక్కలు చేసే యంత్రంలోకి పోవడం తాత కిటికీలోంచి చూశారు. సూపర్‌వైజర్ కాగితం ఇచ్చి, "హో గయా, కాకా" అన్నాడు.

"పీఛే దర్వాజా హై?" వెనక తలుపేమైనా ఉందా అని తాత ఆరా.

"నహీ, కాకా."

తాత ఆ మాట వినిపించుకోలేదు. మోకాళ్ల లోతు గడ్డిలోకి దిగి, షెడ్డు చుట్టూ బయల్దేరారు. డ్రైవర్ హారన్ కొట్టాడు, మళ్లీ కొట్టాడు. చాలాసేపటికి అవతలి మూల నుంచి వచ్చారు. మాస్కు గడ్డం కిందికి జారింది, ప్యాంటు నిండా గడ్డిముళ్లు.

"లేదు" అని, టెంపోకు ఆనుకుని, ఆ ముళ్లను ఒక్కొక్కటే తీసి పారేయసాగారు.