మల్లేశానికి పెట్టిన కొత్త పేరు

నక్సలైట్ అన్నల కాలంలో కోరుట్లలో కాల్‌సెంటర్ ఉద్యోగాలకు ఇంగ్లిష్ యాస నేర్పేదాన్ని. పొద్దంతా ఒకే వాక్యం పలికించి గొంతు పోయేది. ఫోన్లో అమెరికా వాళ్ళకు సులువుగా ఉండాలని పిల్లలకు కొత్త పేర్లూ పెట్టాను. మల్లేశం ‘మార్టిన్’ అయ్యాడు.

ఒకరోజు రుద్రంగి దగ్గర పోలీసులు బస్సు ఆపి పేరడిగితే, అలవాటుగా ‘మార్టిన్’ అనేశాడు. సంచిలోని సర్టిఫికెట్ మీద మల్లేశం అని ఉంది.

“పేరెందుకు మార్చినవ్‌రా? ఏ దళం?” అంటూ స్టేషన్‌కు తీసుకెళ్ళారు. నేను వెళ్ళి సాయంత్రం దాకా బతిమాలితే వదిలారు.

బయట వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుంది. “మేడం, మాట ఎట్లన్న మార్చుండ్రి, పేరు మార్చకుండ్రి. మా పెద్దోడు గట్లనే పేరు మార్చుకొని అడవికి పోయిండు. గా పేరుతోనే శవమై అచ్చిండు.”

సరేనన్నాను. తర్వాత మల్లేశానికి హైదరాబాద్‌లో ఉద్యోగమొచ్చింది. అక్కడ వాడికి మళ్ళీ ఏదో పేరు పెట్టారు. ఆ సంగతి వాళ్ళమ్మకు చెప్పే ధైర్యం నాకు ఇప్పటికీ రాలేదు.