నాగర్‌కర్నూల్‌కు ఒక తామర

మా అక్క చంద్రమ్మ నాగర్‌కర్నూల్‌లో కూతురి దగ్గర ఉంటుంది. ఆమెకు చూపు పోతున్నది. "ఇంక రాదన్నరు తమ్మీ దవాఖానల. ఆషాఢ పున్నానికి ఒక్క తామర తే. కండ్లతోని చూసి బుద్ధునికి పెడ్త" అని ఫోనులో అడిగింది. బుద్ధుడు తొలిసారి ధర్మం బోధించిన రోజది. వాళ్ల వాడలో బుద్ధ వందనం పదకొండింటికి. పున్నమి నాడు ఉదయం ఐదున్నరకు మా ఊరు గట్టులో బస్సెక్కాను.

ఆరున్నరకు గద్వాల. బస్టాండు దగ్గర పూలమ్మే అతను నవ్వాడు.

"తామరలా? శ్రావణంల వస్తయి పెద్దయ్యా. ప్లాస్టిక్‌వి కొండవో, ఏండ్లకేండ్లు వాడవు."

ఒళ్లు మండింది. వాడని పువ్వు బుద్ధుడి ముందు ఎందుకు? ఈ పువ్వులాగే నా ఒళ్లూ వాడుతుందని ఒప్పుకోవడానికే గదా పెట్టేది!

ఏడింటికి ఆత్మకూరు మీదుగా వనపర్తి బస్సు. గద్వాలలో చేపలమ్మి ఖాళీ గంపతో వెళ్తున్న ఒకామె పక్కన కూర్చుంది. "మా చెరువుల ఒక మూలకున్నయి. గడ్డిచేపను ఇడిసినంక తక్కినయన్నీ అదే తినేసె" అంది. ఆత్మకూరు దాటాక ఆమెతోనే దిగాను. అప్పుడు ఎనిమిది.

ఆమె భర్త తెప్ప మీద పోయి తెస్తుంటే చెరువు గట్టున నిలబడ్డాను. మా చిన్నప్పటి కరువులో అక్క ఇలాంటి చెరువులోనే తామర దుంపల కోసం దిగింది. నీళ్లు మైలపడ్డాయని కట్టెతో కొట్టి తరిమారు. కొట్టినవాళ్ల ఇళ్లలో పూజకు అదే చెరువు పువ్వులు! తామర బురదలో పుట్టినా బురద అంటదనీ, ఆకు మీద నీటిబొట్టు నిలవనట్టు మనసుకు ఆశ అంటకూడదనీ బౌద్ధం చెబుతుంది. బడి ముఖం చూడకపోయినా ఇదంతా నేనే కూడబలుక్కుని చదివి, వాడవాడలా చెప్పాను.

"మొగ్గలు కొండవో పెద్దయ్యా. విచ్చింది బస్సుల ఆగదు" అంది చేపలామె.

"బుద్ధుడు కూసునేది విచ్చిన పద్మం మీదమ్మా, మొగ్గ మీద కాదు."

"గాయిన కూసున్న పువ్వు బస్సెక్కలే గద!"

నేను వినలేదు. విచ్చిన పువ్వునే తడి తువ్వాలలో చుట్టుకున్నాను.

ఇంకో బస్సులో తొమ్మిదింబావుకు వనపర్తి. టీ తాగి నాగర్‌కర్నూల్ బస్సెక్కాను. సీటు దొరికింది గానీ, ప్రతి గుంతకూ ఒక రేకు ఒడిలో రాలింది. డ్రైవరును గట్టిగా తిట్టాను.

"గుంతలు నేను తవ్విననా తాతా?" అన్నాడతను వెనక్కి తిరగకుండానే. బస్సంతా నవ్వింది.

దిగేసరికి తువ్వాలలో రేకులు ఒక దిక్కు, బోసి కాడ ఒక దిక్కు.

వాడలోని చిన్న గదిలో బుద్ధుడి బొమ్మ ముందు అక్క అప్పటికే కూర్చుని ఉంది. చుట్టూ ఇరవై మంది.

"పాడుచేసినక్కా. చేపలామె చెప్తే ఇనలే."

"నువ్వెన్నడు ఇన్నవ్ గని, తువ్వాల ఇప్పు."

ఒక రేకు తీసి ఎడమ కంటికి ఆనించినంత దగ్గర పట్టుకుంది. వెలుగు కోసం వాకిలి వైపు తిరిగింది. ఇంకోటి తీసింది.

"కొసకు ఎర్రగుంది తమ్మీ. సన్నసన్న గీతలున్నయి, నరాల లెక్క."

"కనిపిస్తున్నయా?"

"పువ్వు పువ్వే తెస్తే దూరంకెల్లి ఎర్రటి మసక లెక్క అవుపడుతుండె. ఇది కంటికి ఆనింది. గన్ని దుంపలు తవ్వితిమి, పువ్వు దిక్కు ఎన్నడన్న చూసినమా? ఆకలాయె."

ఒక్కో రేకూ చూసి, ఒక్కొక్కటే బుద్ధుడి పాదాల దగ్గర పెట్టింది. వందనం ఆలస్యమైంది. ఎవరూ తొందరపెట్టలేదు.

మూడింటికి తిరుగు బస్సు. తామరలకు వెళ్లేవాళ్లు మొగ్గలే తీసుకోండి, చేపలవాళ్ల మాట వినండి. పద్మం గురించి నలభై ఏళ్లుగా ఉపన్యాసాలిస్తున్నాను. దాని రేకు మీద గీతలుంటాయని నాకూ ఆ పూటే తెలిసింది.