రాయి దించినవాడికి చప్పట్లు

చిలకలూరిపేటలో గుంటూరు బస్సెక్కి, కిటికీ పక్క సీటు దొరికిందని సంబరపడేలోపే, నా పక్కన కూర్చున్న పెద్దమనిషి ఫోను తెరిచాడు. చెవిలో పెట్టుకునేవి ఏమీ లేవు. దభీమని రాయి పడిన చప్పుడు, వెంటనే ఇంగ్లీషులో ఎవరో గొంతు చించుకుని అరవడం. తల తిప్పకుండానే నాకు తెలిసిపోయింది, ఎక్కడో కొండంత మనిషి ఒకడు గుండ్రాయిని ఎత్తి దిమ్మె మీద పెట్టాడని. ఒళ్లు మండింది. ఆ చప్పుడంటే నాకున్న చిరాకు ఇవాళ్టిది కాదు, దాన్ని నాకు అంటగట్టింది హనుమాయమ్మగారు.

పేటలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పే ఉద్యోగం వచ్చినప్పుడు నేను ఆవిడ మేడ మీది గదిలో అద్దెకు దిగాను. భర్త ఉన్న రోజుల్లో వాళ్లు బండలాగుడు పోటీల కోసం ఎడ్లను మేపేవారట. ఎందుకో ఉన్నట్టుండి మానేశారని వీధిలో అనుకునేవారు. ఆయన పోయాక పొలం కౌలుకిచ్చి ఆవిడ పేటకు వచ్చేసింది. మేనల్లుడు కొనిచ్చిన గోడంత టీవీలో భక్తి పాటల కోసం ఏదో నొక్కితే, విదేశాల బలశాలుల పోటీలు వచ్చాయట. లారీలు లాగడం, దుంగలెత్తడం, రాళ్లు మోయడం. అంతే, నా ఆదివారాలకు నూకలు చెల్లాయి.

మొదటి ఆదివారమే గోడలు అదిరిపోతుంటే కిందికి దిగి, "మామ్మగారూ, సౌండు కొంచెం తగ్గిస్తారా? పేపర్లు దిద్దుకోవాలండి" అన్నాను.

"దిద్దుకుందువుగానిలే. ఇట్రా, కూర్చో. వాడేమంటున్నాడో చెప్పు."

ఆ వ్యాఖ్యాత యాస నాకు సగం అర్థం కాదు. తోచింది చెప్పాను. ఆవిడ నా వంక అనుమానంగా చూసి, "వాడు అంతసేపు అరిస్తే నువ్వు చెప్పేది రెండు ముక్కలా? ఇంగ్లీషు రాదా ఏంటి నీకు?" అంది. ఉక్రోషంతో కూర్చుండిపోయాను. అదే నేను చేసిన తప్పు. ఆ తర్వాత ప్రతి ఆదివారం మెట్ల కింద నిలబడి కేకేసేది.

పోనీ, చూసేదైనా అందరిలా చూసేదా. ఒకడు నడుముకు తాడు కట్టుకుని లారీని లాగుతుంటే, "జత ఏడే?" అంది.

"జతేంటండీ?"

"లారీకి ఒక్కణ్ణే కట్టారేంటి? రెండోవాడేడి? ఒంటెద్దు చేత లాగిస్తారా ఎక్కడన్నా?"

ఇంకొకడు నోరు తెరిచి గర్జిస్తే, "ఆపు, ఆపు" అని బొమ్మను ఆపించి, కళ్లజోడు పెట్టుకుని టీవీ దగ్గరకు వెళ్లి వాడి పళ్లు చూసేది. "వీడు ఆరు పళ్లోడు. ఆ పక్కోడింకా నాలుగు పళ్లోడు. ఇద్దర్నీ ఒకే పందెంలో దించారంటే ఆ కమిటీకి బుద్ధి లేదు." ఎడ్లకు పళ్లను బట్టి వయసు కట్టి, ఏ వయసు పందెం ఆ వయసుకు పెడతారు. మనుషులకు ఆ లెక్క లేదని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. పైగా చూసినంతసేపూ ఉడికించిన ఉలవలు తినమని ప్రాణం తీసేది. పందెపు ఎడ్లకు పెట్టే మేత అని గొప్పగా చెప్పి మరీ పెట్టేది.

ఆ రోజుల్లోనే కాలేజీలో ఏ లెక్చరరు మానేసినా వాళ్ల క్లాసులు నా నెత్తిన పడేవి. మీటింగులో ప్రిన్సిపాల్‌గారు "మేడమ్ ఉండగా మనకేం భయం" అనేవారు, అందరూ చప్పట్లు కొట్టేవారు, నేను ఉబ్బిపోయేదాన్ని. కొన్నాళ్లకు నడుములో మొదలైన నొప్పి ఎడమకాలి దాకా దిగింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ చప్పట్లు ఇంకెవరికో పోతాయని భయం.

వరండాలో కూర్చున్న ఆవిడకు మాత్రం చెప్పకుండానే తెలిసింది. "ఎడంకాలు ఈడుస్తున్నావేంటే?"

"చెప్పు జారిందండీ."

"చెప్పు కాదు, నడుం."

రోజూ అదే వరస. సంతలో గొడ్డును చూసినట్టు నన్ను కిందికీ మీదికీ చూస్తుంటే చిర్రెత్తుకొచ్చేది.

ఆవిడకు ఎర్రగడ్డం వాడొకడంటే పిచ్చి అభిమానం. "మా పెద్దోడు" అనేది. వాడు ఫైనల్‌కు వచ్చిన ఆదివారం, నిజం చెప్పొద్దూ, నేను కూడా పిలవకుండానే దిగాను. వాడు రాళ్లన్నీ దిమ్మెల మీదికి ఎత్తేశాడు. ఆఖరి రాయి మిగిలింది. దాన్ని కౌగిలించుకుని మోకాళ్ల దాకా తెచ్చాడు. అక్కడ ఆగాడు. మెల్లగా కిందికి దించి, నడుము పట్టుకుని, రిఫరీకి చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. ఇంకొకడు గెలిచాడు.

నాకు దుఃఖం వచ్చినంత పనైంది. "ఒక్క రాయండీ! ఈ సంబడానికా నా ఆదివారాలన్నీ నాశనం చేసుకున్నాను?" అని పక్కకు తిరిగితే, ఆవిడ చప్పట్లు కొడుతోంది.

"ఎందుకండీ చప్పట్లు? ఓడిపోయాడు వాడు."

"దించాడు గదే" అంది. టీవీ తనంతట తనే కట్టేసింది. నేను వచ్చాక అలా కట్టేయడం అదే మొదలు. "మా భీముడని ఎద్దుండేది. తిరునాళ్ల పందెంలో ముందుకాళ్ల మీద కూలబడింది. అప్పుడు కాడి విప్పేస్తే సరిపోను. జనం చప్పట్లు, ఈలలు. మా ఆయన విప్పలా, అదిలించాడు. అది లేచి ఇంకాస్త లాగింది. ఫస్టు ప్రైజు మాకే ఇచ్చారు."

"తర్వాత?"

"తర్వాతేముంది. చప్పట్లు కొట్టినోళ్లంతా అన్నాల వేళకి ఇళ్లకు పోయారు. భీముడు కొట్టంలో పడుకుని మళ్లా లేవలా. ఆయన దాని పక్కనే కూర్చున్నాడు. మళ్లా కాడి ముట్టుకోలా." నా మొహం కాదు, నా నడుము చూసింది. "పో, పోయి పేపర్లు దిద్దుకో."

పరీక్షల ముందు ఇంకో లెక్చరరు మానేశాడు. మీటింగులో ప్రిన్సిపాల్‌గారు ఆ సెక్షన్లు కూడా మేడమే చూసుకుంటారన్నారు. నేను నోరు తెరవకముందే చప్పట్లు మొదలయ్యాయి. ఆ చేతుల వంక చూస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే వీళ్లంతా క్యారేజీలు విప్పుకుంటారు అనిపించింది.

"నేను తీసుకోలేనండీ. నడుం పనిచేయట్లేదు. ఉన్న వాటిలో కూడా కొన్ని తగ్గించాలి" అన్నాను.

చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. "మీ నుంచి ఇది అనుకోలేదు మేడమ్" అన్నారాయన. "నేనూ అనుకోలేదండీ" అన్నాను. ఆ సాయంత్రం చూసిన డాక్టరు, ఇంకొన్నాళ్లు ఇలాగే లాగి ఉంటే కాలు చచ్చుబడేదని కేకలేశాడు.

ఇంటికొచ్చి మామ్మగారికి అంతా చెప్పాను. మెచ్చుకుంటుందని ఆశ. ఆవిడ మెడ పక్కకు వంచి, "జరుగు, టీవీ కనపడట్లా" అంది. ఇలాంటి మనిషికా చెప్పుకున్నాను అని నన్ను నేను తిట్టుకుంటూ మెట్లెక్కుతుంటే, వెనక నుంచి చప్పట్లు వినిపించాయి. ఎర్రగడ్డం వాడు ఏదో ఎత్తాడు కాబోలు అనుకుని వంగి చూశాను. టీవీ కట్టేసి ఉంది. ఆవిడ మెట్ల వైపు తిరిగి కూర్చుని కొడుతోంది. మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను.

ఆవిడ ఇప్పుడు లేదు. ఆ తర్వాత నేను చాలా వాటికి కాదన్నాను, ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. నేనూ ఎదురుచూడలేదు.

బస్సు యడ్లపాడు దాటింది. పక్కాయన ఫోనులో మళ్లీ దభీమంది. నేను అటే చూస్తున్నానని గమనించి, "ఏం మేడమ్, మీకూ ఇష్టమా ఇవి?" అన్నాడు.

"చచ్చేంత చిరాకండీ. కాస్త సౌండు పెంచండి" అన్నాను.