ఊటకి కాపలా కాసిన రెయ్నా

మా హోండురాస్ కొండల్లో ఊరికో నీటి కమిటీ ఉంటుంది. మా ఊళ్ళో కమిటీ అంటే అనక్లేతో; మిగతావాళ్ళం సంతకాలు పెడతాం. వాల్వులు తిప్పే ఇనుప పానా ఇరవై ఏళ్ళుగా ఆయన నడుముకే వేలాడుతోంది. చర్చికెళ్ళినా తియ్యడు. మోకరిల్లితే టంగుమంటుంది. ఫాదర్ దాన్ని గంట కింద జమకట్టుకున్నాడు.

కొండమీద ఊట చుట్టూ కంచె వేయించిందీ ఆయనే. లోపల ఎవరి పశువు దొరికినా వాళ్ళింటికి ఎనిమిది రోజులు నీళ్ళు బంద్. మొన్నామధ్య తోమాసా దూడ కంచెలోకి తల పెట్టింది. తల మాత్రమే. అనక్లేతో వాల్వు బిగించేశాడు.

"పేడ వేసేది తలతోనా అన్నా?" అని ఆవిడ నెత్తీ నోరూ కొట్టుకుంది.

ఆ తర్వాత ఊళ్ళో పిల్లలకి విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్ళు పరీక్షకి పంపితే పేడలో ఉండే క్రిములున్నాయని కాగితం వచ్చింది. అనక్లేతో సభలో లేచి, పానా గుండెకి ఆనించుకుని, "ఆ దొంగ పశువుని పట్టుకుంటా. లేదంటే ఈ పానా మీ బల్లమీద పెట్టేస్తా" అన్నాడు.

అంతవరకు వారానికోసారి తన కంచరగాడిద రెయ్నా మీద కొండెక్కేవాడల్లా, అప్పట్నుంచి పొద్దునోసారి, సాయంత్రమోసారి ఎక్కి కాపలా. రెయ్నా అంటే మా భాషలో రాణి. మేం మురిసిపోయి రెయ్నాకి కొత్త జీను బహూకరించాం. అభినందన పత్రం రాసింది నేనే. చదివిందీ నేనే, గొంతు వణికిస్తూ.

విచిత్రమేమిటంటే, కాపలా పెరిగినకొద్దీ క్రిములూ పెరిగాయి.

చివరికి ఆరోగ్యశాఖ అమ్మాయి వచ్చింది. అనక్లేతో ఎప్పట్లాగే రెయ్నా మీద ముందు వెళ్ళాడు, మేం ఆయాసపడుతూ వెనక ఎక్కాం. కంచె లోపలే, ఊటకి నాలుగడుగుల పైన, చెట్టు కింద, పేడ కుప్పలు కుప్పలు.

"చూశారా! నేను రోజుకి రెండుసార్లు వస్తుంటేనే ఇంత తెగింపు!" అని అనక్లేతో మండిపడ్డాడు.

తోమాసా వంగి పుల్లతో కెలికింది. "మొక్కజొన్న గింజలున్నాయే! మా పశువులకి గడ్డే గతి. రోజూ మొక్కజొన్న మేసే మహారాణి ఎవరింట్లో ఉందన్నా?"

అందరం తలెత్తాం. ఆ చెట్టుకే కట్టేసి, కొత్త జీనుతో, రెయ్నా. అది ఏమాత్రం మొహమాటపడకుండా తోకెత్తింది.

"కంచె బయట కడితే ఎవరైనా తోలుకుపోతారని..." అంటూ అనక్లేతో తాడు విప్పడం మొదలెట్టాడు.

ఆ ఆదివారం పానా బల్లమీద పెట్టాడు. ఎవరూ ముట్టుకోలేదు. మాది పెద్దమనసు అనుకోకండి, కొండ నిటారుగా ఉంటుంది. కాసేపు చూసి ఆయనే తీసుకున్నాడు. నేరుగా తన ఇంటికెళ్ళి వాల్వు బిగించాడు.

భార్య ఒబ్దూలియా తలనిండా సబ్బుతో బయటికొచ్చింది. "ఎవర్రా నీళ్ళు కట్టేసింది?"

"నేనేనే. ఎనిమిది రోజులు."

"గాడిద చేసినదానికి నాకా శిక్ష?"

"ఏ గాడిదని మాత్రం అడక్కు."

రెయ్నా ఇప్పుడు పెరట్లోనే ఉంటోంది. మరుసటి నెల పరీక్షలో క్రిముల్లేవు. కానీ ఆ ఎనిమిది రోజులూ అనక్లేతో కొండ నడిచెక్కి, నడిచి దిగి, బకెట్టు పట్టుకుని తోమాసా కొళాయి దగ్గర నిలబడ్డాడు. ఆవిడ రోజూ నిండా పట్టి ఇచ్చేది.

"కాచుకుని తాగండన్నా," అనేది. "పైన కాపలా మరీ ఎక్కువైందట."