ఊదుడు మిషను ముంగట నా ఉపన్యాసం

మొన్న శుక్రవారం మా ఊరి బడిల, పిల్లలూ పెద్దలూ అందరూ కూసున్న సభల, నేను తాగి అచ్చిన్నని మైకుల చాటింపు అయ్యింది. అదీ నేను చుక్క ముట్టక పది నెలలు అయినంక. చాయ్ తాగుకుంట ఇనుండ్రి, చెప్త.

మీకు ఎర్కే గదా, నిరుడు నాయ్‌గావ్‌ల మా బావమరిది ఇంట్ల దావత్ చేసుకొని మోటరుసైకిల్ మీద నాందేడ్ వస్తుంటె పోలీసులు ఆపిన్రు. ఊదుమన్నరు, ఊదిన. మిషన్ల అంకె చూసిన జమాదార్ ముందుగాల నా భుజం పట్టుకున్నడు, పడిపోత అనుకున్నడో ఏమో. కోర్టుకు తిరిగిన, జుర్మానా కట్టిన, లైసెన్సు ఆరు నెలలు సస్పెండు. నేను చేసేది డ్రైవర్ పని. లైసెన్సు లేని డ్రైవర్ ఏం చేస్తడు? మా ట్రావెల్స్ సేటు దగ్గరనే బండ్లు కడిగిన. నా ట్రావెలర్ వ్యాన్‌ను ఇంకోడు నడుపుతుంటె, అది తిరిగి అచ్చినంక సీట్లు తుడిచిన.

లైసెన్సు మళ్ల చేతికి అచ్చినంక సేటు కాడికి పోయిన. "బండి ఇస్త గంగారాం, గని ఒక షర్తు" అన్నడు. స్టీరింగు పక్కన ఒక డబ్బా పెట్టించిండు. దానికొక పైపు. అండ్ల ఊదితెనే ఇంజన్ స్టార్ట్ అయితది. మందు వాసన తగిలిందా, బండి కదలది, పైనుంచి సేటు ఫోనుకు మెసేజ్ పోతది. "ఒక్కసారి ఫెయిల్ అయినవంటె బండి చావీ ఇచ్చి ఇంటికి పోవుడే" అన్నడు. ఇది సర్కారు రూలు కాదు, సేటు రూలు. నాకు కోర్టు కన్న సేటంటెనే ఎక్కువ భయం. పాసింజర్లు "ఇదేంది అన్నా" అని అడిగితె, పొల్యూషన్ చెక్ చేసేదని చెప్పేటోన్ని.

నాలుగు నెలలు రోజూ ఊదిన, రోజూ పాసైన. ఈ ముచ్చట ఎట్లనో రవాణా ఆఫీసు మేడం చెవిల పడ్డది. రోడ్డు భద్రత గురించి ఆమె బళ్లల్ల ప్రోగ్రాములు పెడ్తది. "మీరు మానేసిన మనిషి. మీరు చెప్తె జనం ఇంటరు. బండి పట్కొని రండి, ఎక్కడ పెడ్దాం?" అని అడిగింది. నేను నోరు మూసుకొని ఉంటె అయిపోతుండె. మర్ఖేల్ దిక్కు మా ఊర్లనే పెడ్దామన్న. ఎందుకంటె నిరుడు నేను పట్టుబడ్డ ఖబర్ నాకంటె ముందే ఊరికి చేరింది. పోయిన ఇజ్జత్ పోయిన కాడనే ఏరుకుందామనుకున్న.

ఇస్త్రీ అంగీ ఏసుకొని పోయిన. బడిల హెడ్‌మాస్టర్ గురుజీ మస్తు మర్యాద చేసిండు. వేడి వేడి కాందా భజీ, అదే ఉల్లిగడ్డ పకోడీ, పెట్టిండు, ఓ ప్లేటు తిన్న. తిన్నంక యాదికొచ్చింది, నా కుర్సీ మేడం పక్కనే. ఉల్లిగడ్డ వాసన కొట్టుకుంట ఎట్ల కూసుంట? దెగ్లూర్‌ల మెడికల్ దుకాన్ల నోట్ల కొట్టుకునే పిపర్మెంటు స్ప్రే ఒకటి తీసుకున్న ఆ పొద్దున, షోకుకు. గోడ ఎన్కకు పోయి మూడుసార్లు కొట్టుకున్న. నోరంత గుమగుమ.

ఇగ మైకు పట్కొని ఓ ఐదు నిమిషాలు మాట్లాడిన. లైసెన్సు పోతె ఎట్లుంటదో చెప్పిన. బండ్లు కడిగిన ముచ్చట చెప్పిన. ముసలోళ్లు కూడ తల ఊపుతున్నరు. నాకు జోషొచ్చింది. "మనిషి అబద్ధం ఆడొచ్చు, ఈ మిషను ఆడది. చూడుండ్రి" అని బండి ఎక్కిన. ఆ మిషను హిందీల మాట్లాడ్తది, ఆ మాట పిల్లలకు ఇనబడాలని గురుజీ మైకు తెచ్చి దాని నోటి కాడ పెట్టిండు.

ఊదిన. ఎర్రలైటు ఎలిగింది.

"షరాబ్ పాయీ గయీ హై. గాడీ చాలూ నహీ హోగీ."

బడి మీద రెండు లౌడుస్పీకర్ భోంగాలు కట్టిన్రు. బస్‌స్టాండ్ దాక ఇనబడ్డదంట, మందు దొరికింది, బండి కదలది అని. ముందు వరుసల పిల్లలు నవ్విన్రు, ఆ ఎన్క అందరు నవ్విన్రు. ఒకప్పుడు నాతోని కూసొని తాగిన సాయన్న ఎన్క నుంచి అన్నడు, "పొద్దుగాలనే మొదలువెట్టినవా గంగారాం, మాకొక మాట చెప్పకపోతివి."

జేబుల ఫోను మోగింది. సేటు. "చావీ ఆడ ఎవరికన్న ఇచ్చెయ్. ఇంకో డ్రైవర్‌ను పంపిస్తున్న" అన్నడు. కోర్టుల నిలవడ్డనాడు కూడ నాకు అంత ఇజ్జత్ పోలే. ఆనాడైతె నిజంగ తాగిన కదా.

మేడం నవ్వలే. బండి కాడికి అచ్చి, "ఏం తిన్నరు?" అని అడిగింది.

"కాందా భజీ, మేడం."

"దాని తర్వాత?"

స్ప్రే తీసి చేతిల పెట్టిన. ఆమె అద్దాలు సర్దుకొని సీసా మీద సన్న అక్షరాలు చదివింది. "ఇండ్ల ఆల్కహాల్ ఉంది. మీ నోట్ల ఉన్నది ఇదే. బాగ పుక్కిలించి, పదిహేను నిమిషాలు ఆగి మళ్ల ఊదండి" అన్నది. నా ఫోను గుంజుకొని సేటుకు కూడ అదే చెప్పింది. సేటు పదిహేను నిమిషాలు ఆగుతనన్నడు.

ఆ పదిహేను నిమిషాలు నేను బడి నల్లా కాడ నిలవడి పుక్కిలిస్తున్న. పిల్లలు చుట్టూ నిలవడి ఎన్నిసార్లు ఉమ్మినో లెక్కవెట్టుకుంట ఉన్నరు. గురుజీ టైం గడవాలని ఎక్కాలు చెప్పించిండు. నోర్లు ఎక్కాలు చెప్తున్నయి, కండ్లన్ని నా మీదనే. నేనైతె ఊపిరి కూడ సగం సగమే పీల్చిన, ఎక్కువ పీలిస్తె అది ఖరాబైతదేమోనని.

మేడం గడియారం చూసి తల ఊపింది. బండెక్కిన. గురుజీ ఈసారి మైకు జర దూరం పట్టుకున్నడు. ఊదిన. పచ్చలైటు. చావీ తిప్పితె ఇంజన్ గుర్రుమన్నది. సచ్చి బతికినట్టయింది. ఫోన్ల సేటు, "సరే, చావీ నీ దగ్గర్నే ఉంచుకో. ఆ సీసా పారెయ్" అన్నడు.

మేడం మైకు తీసుకొని అందరికి ఇడమర్చి చెప్పింది. నోట్ల ఉన్న స్ప్రే పావుగంటల పోతది, తాగిన మందు నెత్తుర్ల కలుస్తది, గంటలు గంటలైనా పోదు, ఎంత పుక్కిలించినా లాభం లేదు అని. అందరు తలలూపిన్రు. మంచిగనే సమజైందనుకున్న.

బండి తిప్పుకొని గేటు కాడికి అచ్చిన. సాయన్న ఆపిండు. ఆయన ఎన్క ఇంకో నలుగురు, అందరూ నా పాత దోస్తులే. సాయన్న కిటికీల నుంచి నా చెయ్యి పట్టుకున్నడు.

"గంగారాం, ఇంత పనికొచ్చే ముచ్చట ఇన్నేండ్లల్ల ఎవ్వడూ చెప్పలే. పోలీసోడు ఆపితె నీళ్లు పుక్కిలించి పావుగంట ముచ్చట వెట్టాలె, అంతే కదా?"

"అరే, అది స్ప్రేకు. మందుకు కాదు. మేడం చెప్పింది ఇనలేదా?" అన్న.

"ఇన్నం ఇన్నం. పెద్ద మనుషులు మైకుల అట్లనే చెప్పాలె" అని కన్ను గీటిండు. ఎన్కున్న నలుగురు దండం పెట్టిన్రు.

మందు మానుండ్రని చెప్పొద్దామని పోయినోన్ని, ఊరి తాగుబోతులకు మాస్టర్‌నై అచ్చిన.